సగం షట్టర్ వెనక జాహేదా ఆపా

జాహేదా ఆపా పొద్దున్నే దుకాణం షట్టర్ సగం దించుకుని ఫారిన్ సామాను అమ్ముతుందని జడ్చర్ల బస్టాండు దగ్గర ఒక పుకారు ఉండేది. గడియారాలని కొందరు, సెంటు సీసాలని కొందరు అనేవారు. ఆ పుకారు పుట్టింది రోడ్డుకు ఇవతల ఉన్న కాటమయ్య చాయ్ బండి దగ్గర. ఆ బండి పక్కనే నేను గోనెపట్టా పరుచుకుని పూలు అల్లి అమ్ముతాను. అందువల్ల అది పుట్టడమూ పెరగడమూ అంతా నా చెవులతోనే విన్నాను.

"సూడుండ్రి, మల్ల సగమే లేపింది," అనేవాడు కాటమయ్య చాయ్ వడపోస్తూ. "సక్కటి బేరమైతే షట్టర్ మొత్తం లేపకపోవునా?"

"లోపల్నుంచి కీసుకీసుమని ఏడుపొస్తది, విన్నవా?" అనేవాడు ఆటో నడిపే ఎల్లేశం. "అది ఫారిన్ మిషన్. సామాను దిగే ముందు గట్లనే ఏడుస్తది."

"మరి బడిపిల్లలెందుకు?" అనేవారు చాయ్ తాగేవాళ్ళలో ఎవరో.

"గిన్నెలు మోయనీకి. వాటి మీద గుడ్డ కప్పుకొని లోపలికి పోతరు, గుడ్డ కప్పుకొనే బైటికొస్తరు. పిల్లల గిన్నెలు పోలీసోడు దేవులాడుతడా?"

విన్నవాళ్ళు రోడ్డు దాటి చూసినా ఇదంతా నిజమే అనిపించేది. షట్టర్ సగమే లేచేది. లోపల మిషన్ ఏడ్చేది. పిల్లలు గిన్నెలతో పోయేవారు, గిన్నెలతో వచ్చేవారు. ఆ పిల్లల్లో ఒకతె మా చెల్లె బాలమణి.

జాహేదా ఆపా పుట్టింది నందికొండలో. కృష్ణ మీద డ్యాం కడుతున్న రోజుల్లో ఆమె తండ్రి ఖుద్దూస్ సాబ్ అక్కడి వర్క్‌షాపులో ఫిట్టరు. గుట్ట మీది కాలనీలో వాళ్ళ క్వార్టరు. ఒక గోడకు అవతల తమిళంవాళ్ళు, ఇంకో గోడకు అవతల మలయాళంవాళ్ళు, ఎదురుగా ఒరియా కుటుంబం. ఒకరి మాట ఒకరికి రాదు. కానీ గిన్నెలు మాత్రం ఇల్లిల్లూ తిరుగుతుండేవట. ఈ ఇంటి సేమియా పాయసం ఆ ఇంటికి పోతే, ఆ గిన్నె ఎన్నడూ ఖాళీగా తిరిగి రాదు. కడిగి తుడిచి, అందులో చింతకాయ తొక్కో, రెండు అరటిపండ్లో, ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెరో వేసి పంపేవారు. గిన్నెలో వచ్చిందాన్ని చూసి ఆపా తల్లి అజీజా బేగం ఆ ఇంటి సంగతి చెప్పేసేదట. వరసగా చక్కెరే వస్తుందంటే ఆ ఇంట్లో ఎవరికో జ్వరమని లెక్క. వండే ఓపిక లేదన్నమాట. వెంటనే చారు కాచి అదే గిన్నెలో పంపేదట.

"మా అమ్మీకి ఒక్క భాష సుత సక్కగ రాదు. కని కాలనీ మొత్తం ఆమెకు చుట్టాలే," అని ఆపా నవ్వేది.

ఆమె ఉర్దూ బడిలో పదో తరగతి వరకు చదివింది. డ్యాం ఆఫీసులో పనిచేసే పొరుగింటామె దగ్గర ఇంగ్లీషు టైపు నేర్చుకుంది. ఎనభై ఒకటిలో గులాం నబీ భాయ్‌ని చేసుకుని జడ్చర్లకు వచ్చింది. బస్టాండు ఎదురుగా నబీ భాయ్‌కి బట్టలు కుట్టే దుకాణం ఉంది. అందులో ఒక మూల ఆపా టైపు మిషన్ పెట్టుకుని, తహసీల్ కచేరీకి పోయేవాళ్ళ అర్జీలు కొట్టి ఇచ్చేది. కొన్నేళ్ళకు పసుపుపచ్చ బోర్డుతో ఎస్టీడీ ఫోన్ వచ్చింది. తర్వాత జిరాక్స్ మిషన్. తొంభై ఏడులో కంప్యూటరు. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా నబీ భాయ్ కుట్టుమిషన్ కొంచెం కొంచెం జరిగి, చివరికి గడప దగ్గరికి చేరింది.

"ఇంకొక్క మిషన్ కొన్నవంటే నేను సడక్ మీద కూసొని కుట్టాలె," అనేవాడాయన.

"కూసో. మంచిగ గాలొస్తది," అనేది ఆపా.

కంప్యూటరును వెనక గోడకు ఆనించి, దాని అద్దం గుమ్మం వైపు ఉండేట్టు పెట్టారు. ఫోన్ వైరు అక్కడిదాకే అందింది మరి.

తొంభై ఎనిమిది వానాకాలంలో మా బడి ఇంగ్లీషు టీచరు భిక్షం సారు ఆమె దగ్గరికి వచ్చాడు. హైదరాబాదులో ఏదో ట్రైనింగుకు పోయినప్పుడు ఆయన ఒక సంగతి విన్నాడు. ఒక దేశంలోని బడికీ ఇంకో దేశంలోని బడికీ జత కలిపి, పిల్లలతో ఒకే పని ఇద్దరి చేతా చేయిస్తారట. కంప్యూటరులోనే రాసుకోవడం, కంప్యూటరులోనే పంపుకోవడం. ఆయన పేరు నమోదు చేసుకుని వచ్చాడు, జత కూడా కుదిరింది. ఇంతా చేస్తే మా బడిలో కంప్యూటరు కాదుకదా, ఫోను కూడా లేదు.

"న్యూజిలాండ్‌ల ఒక చిన్న ఊరి బడి ఆపా," అన్నాడు సారు.

"అది ఏ దిక్కు సార్?"

"ఆస్ట్రేలియా దాటినంక, సముద్రం నడుమ."

"అయితే ఐఎస్డీ."

"కాదు, హైదరాబాదుకు లైను కలిపితే సాలు. అక్కడి నుంచి మాట దానంతటదే పోతది."

"దానంతటదే ఎట్ల పోతది సార్? ఎవరో ఒకరు కలపాలె గద," అని ఆమె చాలాసేపు నమ్మలేదు. అయినా పొద్దున గిరాకీ రాకముందు పిల్లలు వచ్చి కూర్చోవచ్చని ఒప్పుకుంది. ఆ వేళ ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇక్కడ పొద్దు పొడిచేసరికి అక్కడ మధ్యాహ్నం భోజనాలై, పిల్లలు తరగతిలో ఉంటారు.

రెండు వైపులా గొర్రెలున్న ఇళ్ళ పిల్లలే కాబట్టి ఇద్దరూ కలిసి గొర్రె గురించి రాయాలని తీర్మానించారు. వాళ్ళ గొర్రెల గురించి వాళ్ళు ఒక పేజీ, మన గొర్రెల గురించి మనవాళ్ళు ఒక పేజీ. ఒకరిది ఒకరు చదివి తిరిగి పంపాలి. తర్వాత రెండూ కలిపి ఒకటి చేసి, రెండు బడుల గోడలకూ అతికించాలి. మా ఊరు జడ్చర్లకు నడిచిపోయేంత దగ్గర. మా బాలమణితో కలిసి కురుమల, గొల్లల పిల్లలు ఆరుగురు తెల్లవారగానే నాతోపాటే బయలుదేరేవారు. నేను రోడ్డుకు ఇటు పూలగంప దించితే, వాళ్ళు అటు షట్టర్ కింద దూరేవారు.

వాళ్ళు ఏమీ తినకుండా వచ్చేవాళ్ళని ఆపా రెండో రోజే కనిపెట్టింది. కిచిడీ వండి గిన్నెల్లో పెట్టి ఇచ్చేది. తినగా మిగిలింది ఇంటికి తీసుకుపొమ్మనేది. మా ఇండ్లలో మాత్రం ఖాళీ గిన్నె తిరిగి ఇస్తారా? అలసంద గుడాలో, జొన్నరొట్టెలో, సీతాఫలాలో పెట్టి, ఈగలు వాలకుండా గుడ్డ కప్పి పంపేవారు. కాటమయ్య చూసిన ఫారిన్ సామాను ఇదే.

న్యూజిలాండ్ పిల్లల పేజీ మొదట వచ్చింది. ఆ రోజు భిక్షం సారు మహబూబ్‌నగర్‌లో మీటింగు ఉండి రాలేదు. అందులోని ఇంగ్లీషు తేలికదే. పిల్లలు తలా ఒక మాట చెప్పుకుంటూ కూడబలుక్కుని చదివేశారు. అక్కడ ఇప్పుడు గొర్రెలు ఈనే కాలం. టోబీ అనే పిల్లవాడి ఇంట్లో తల్లి చచ్చిన గొర్రెపిల్లను వంటింట్లో పొయ్యి పక్కన అట్టపెట్టెలో పెట్టి, సీసాతో పాలు పడుతున్నారట. కింద ఒక మాట రాశారు: చదవండి, అర్థం కానిచోట గుర్తు పెట్టండి, తిరిగి పంపండి.

"అంత అర్థమైంది ఆపా. ఏం గుర్తు పెట్టాలె?" అంది బాలమణి.

"ఏం లేకపోతే గట్లనే పంపుతరా?"

"పంపుమన్నరు గద."

"అరే, వాళ్ళింటి గిన్నె మనింటికొచ్చింది. ఉత్త గిన్నె వాపస్ ఇస్తరా ఎవరన్న? ఇజ్జత్ ఉంటదా? ఏమన్న ఏసి పంపుండ్రి," అంది ఆపా. తర్వాత నందికొండ గిన్నెల కథ మొత్తం చెప్పింది.

పిల్లలకు ఆ మాట నచ్చింది. ఏం వేయాలని గుంపుగా ఆలోచించారు. చివరికి టోబీ గొర్రెపిల్ల కథ మధ్యలో నాలుగు వాక్యాలు చేర్చారు. 'సాయంత్రం వాళ్ళ అవ్వ వచ్చింది. ఉప్పు, ఎండు మిరపకాయలు గొర్రెపిల్ల చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు. అంటే దిష్టి బాగా తగిలినట్టే.' గిన్నెలో పెట్టిన పదార్థం మీద ఎవరి పేరూ రాయరు కదా. వీళ్ళు కూడా రాయలేదు. ఆపా టైపు కొట్టింది, కంప్యూటరును ఫోను లైనుకు కలిపే మిషన్ ఏడ్చింది, పేజీ పోయింది. ఆ వెంటనే మన పేజీ కూడా పంపేశారు. ఎండాకాలం మందలను కాలువ పారే హాలియా దిక్కు తోలుకుపోయి, వరి కోసిన పొలాల్లో ఎరువు కోసం మంద ఎట్లా పెడతారో అందులో రాశారు.

వాళ్ళ టీచరు మార్గరెట్ నుంచి వచ్చిన జవాబును భిక్షం సారు నిలబడే చదివాడు. చదువుతూ చదువుతూ కుర్చీలో కూర్చున్నాడు.

"ఏమైంది సార్?" అంది ఆపా.

"దిష్టి ఎవరు తీసిన్రు ఆపా?"

తిరిగి వచ్చిన పేజీని మార్గరెట్ టీచరు చదవకుండానే గోడకు అతికించిందట. బడికి వచ్చిన తల్లిదండ్రులు చదివారు. టోబీ నానమ్మ కూడా చదివింది. నేనెప్పుడు మిరపకాయలు తిప్పానని ఆమె అందరినీ అడుగుతోందట. మా పిల్లలు కష్టపడి రాసింది ఇట్లా మార్చడం వాళ్ళకు బాధ కలిగించింది, ఉన్నది ఉన్నట్టు చదవడం మీకు ఇష్టం లేకపోతే రెండు బడులూ వేరే జతలు చూసుకోవడం మంచిది, ఏదైనా పిల్లలే పిల్లలకు చెప్పాలి, గురువారం రెండు వైపులా కంప్యూటర్ల ముందు కూర్చుని అప్పటికప్పుడు టైపు చేసి మాట్లాడుకుందాం. రాసింది ఇంతే. మర్యాదగానే రాసింది. ఆ మర్యాద చూసే సారుకు భయం వేసింది.

ఆపా దుపట్టా కొస వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "బేస్తారం మన పిల్లలు కూసోకపోతే?"

"జత తెగిపోతది."

"పిల్లల తప్పేం లేదు సార్. నేను చెప్తేనే రాసిన్రు. నా నోటిమాటతోని ఇది ఆగిపోతే నాకు అన్నం ఎట్ల దిగుతది?" అంది. "పిల్లలు అందరు రావాలె. ఒక్కరు తక్కువైనా వాళ్ళు ఏమనుకుంటరో."

సరిగ్గా ఆ వారమే కాటమయ్య పుకారు నడుచుకుంటూ మా ఊరికి చేరింది. మా నాయిన బీరప్పకు సంతలో ఎల్లేశం చెప్పాడు. నాయిన ఇంటికి వచ్చి, గొంగడి దులిపి దండెం మీద వేసి, బాలమణిని పిలిచాడు.

"గిన్నెల ఏం తెస్తున్నవ్?"

"కిచిడీ."

"ఇంకా?"

"ఒక్కొక్కపాలి తొక్కు."

"ఇంకా?"

"ఇంకేమున్నది నాయినా, గిన్నె!"

మా అమ్మ గుర్వమ్మ పొయ్యి దగ్గర నవ్వింది. నాయిన నవ్వలేదు. "రేపటి సంది పోవద్దు. షట్టర్ దించుకొని సదువు సెప్పుడేంది? నేను ఏ బళ్ళె సూడలే."

బాలమణికి ఏడుపు వచ్చింది. గురువారం పోకపోతే ఏమవుతుందో అది వెక్కుతూ చెప్పింది. నాకు చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. ఆ న్యూజిలాండ్ పేజీని బాలమణి రాత్రిళ్ళు నాకు తెలుగులో చెప్తుంటే, టోబీ గొర్రెపిల్ల పాలు తాగిందా లేదా అని నేనూ ఎదురుచూస్తూ ఉండేదాన్ని. అందుకే, "నువ్వే వచ్చి సూడరాదు నాయినా," అన్నాను. నేను ఎదురు మాట్లాడటం అరుదు కాబట్టి కాబోలు, ఆయన నా వైపు తిరిగాడు.

"వస్త. ఒక్కడినే కాదు, అందరినీ తోలుకొస్త. షట్టర్ మొత్తం లేపుమంట. దాసుకునేది లేకుంటే లేపుతది," అన్నాడు.

గురువారం పొద్దున, రాత్రి కురిసిన వాన వెలిసి, ఆకాశం కడిగినట్టుంది. మా నాయిన, ఇంకో పిల్లవాడి తండ్రి దశరథం, ఇంకా నలుగురు ఊరివాళ్ళు దుకాణం ముందు నిలబడ్డారు. ఈ రోజు సామాను పట్టుబడుతుందని కాటమయ్య కూడా పొయ్యి మీద పాలగిన్నె వదిలేసి రోడ్డు దాటి వచ్చాడు. నేను పూలగంపతోనే వాళ్ళ వెనకాల నిలబడ్డాను.

"జాహేదమ్మా, షట్టర్ మొత్తం లేపు," అన్నాడు నాయిన.

"లేపుత బీరన్నా, కని..."

"కనీ గినీ ఏం లేదు."

"లేపు జాహేదా, లేపు. దాసుకున్న గడియారాలు నేను సుత సూస్త. నాకొక్కటి తక్కువున్నది," అన్నాడు నబీ భాయ్ కుట్టుమిషన్ ముందు నుంచి లేవకుండానే.

షట్టర్ గడగడమని పైకి పోయింది. అప్పుడే ఇండ్ల మీదుగా పైకి లేచిన పొద్దు దుకాణం లోపలి గోడ దాకా పరుచుకుంది. అందరూ తొంగి చూశారు. పిల్లలు, భిక్షం సారు, జిరాక్స్ మిషన్, దారపు ఉండలు, కుట్టాల్సిన ప్యాంట్లు. గోడ దగ్గర ఒక కంప్యూటరు. దాని అద్దం ఎండకు రేకులా తళతళ మెరుస్తోంది.

"ఏదీ? ఏమున్నదండ్ల?" అన్నాడు నాయిన.

"అండ్ల మాటలొస్తున్నయి నాయినా!"

"ఎక్కడొస్తున్నయి? తెల్లగున్నది."

అప్పటికే మిషన్ ఏడ్చి ఊరుకుంది. మంద నుంచి తప్పిపోయిన పిల్ల అరిచినట్టు అరిచి, తల్లి దొరికినట్టు చటుక్కున ఆగుతుంది అది. లైను కలిసిందన్నమాట. అటువైపు నుంచి మాటలు వస్తూనే ఉన్నాయి, ఇటువైపు ఎవరికీ కనిపించడం లేదు. బాలమణి అద్దానికి ముక్కు ఆనించి, రెండు అరచేతులూ కళ్ళకు అడ్డం పెట్టుకుని చూసింది.

"ఉన్నరా అని అడుగుతున్నరు సార్! మల్ల అడిగిన్రు!"

"ఉన్నమని కొట్టు!"

"అక్షరాలు కనవడ్తలేవు సార్!"

సారు న్యూస్‌పేపరు అడ్డం పెట్టాడు. చాలలేదు. నబీ భాయ్ సగం కుట్టిన ప్యాంటు అడ్డం పట్టుకున్నాడు, రెండు కాళ్ళ సందులోంచి ఎండ ఇంకా సూటిగా వచ్చింది. "ఉన్నరా అని ఇంకొక్కపాలి అడిగిన్రు. పోతరేమో ఆపా!" అని బాలమణి అరిచింది. ఆపా షట్టర్ వైపు చెయ్యి చాపింది. మళ్ళీ మా నాయిన ముఖం చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. మాట ఇచ్చాక దించడం ఎట్లా?

మా నాయిన భుజం మీది గొంగడి తీశాడు. "దశరథం, ఆ కొస పట్టు," అన్నాడు. ఇద్దరూ గుమ్మానికి ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు నిలబడి, ఆ నల్ల గొంగడిని తలల మీదికి ఎత్తి చాపి పట్టుకున్నారు. లోపల చీకటైంది. అద్దం మీద అక్షరాలు ఒక్కసారిగా తేలాయి.

"కనవడ్తున్నయి! కనవడ్తున్నయి!" అని పిల్లలు ఎగిరారు.

ఇంతలో రోడ్డుకు అవతల పాలు పొంగాయి. కమురు వాసన ఇక్కడిదాకా వచ్చింది. "నా పాలు!" అని కాటమయ్య లుంగీ ఎగ్గట్టి ఉరికాడు.

ఆపా కుర్చీలో కూర్చుంది. ఆమె చెప్తుంటే సారు ఇంగ్లీషు చేశాడు, బాలమణి ఒక్కొక్క అక్షరం వెతికి కొట్టింది. మా దగ్గర ఎవరి గిన్నె అయినా ఖాళీగా తిరిగి ఇవ్వరు. మీ పేజీ మాకు గిన్నెలా అనిపించింది. ఉత్తగా పంపడం మర్యాద కాదని మా అవ్వను అందులో పెట్టాం. మీది పాడు చేయాలని కాదు. మా పిల్లలకు ఆ మాట చెప్పింది దుకాణం ఆమె. బాధ పెడితే క్షమించండి.

అటువైపు నుంచి ఏమీ రాలేదు. అద్దం మీద చిన్న గీత ఒకటి కొట్టుకుంటోంది. గొంగడి పట్టుకున్న ఇద్దరూ కూడా మెడలు తిప్పి చూస్తున్నారు. ఏం వస్తే ఏమిటో వాళ్ళకు తెలియదు, అయినా చూస్తున్నారు.

"పోయిన్రా?" అని ఆపా మెల్లగా అడిగింది.

"ఆగుండ్రి ఆపా. వస్తాంది," అని సారు వంగాడు. చదివి ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. "మార్గరెట్ టీచర్ అంటున్నది... అయ్యో, మీ గిన్నె కూడ మా దగ్గర ఉన్నదిగద, మేం ఉత్తదే పంపబోయినం, మా పిల్లలు ఇప్పుడే ఏమన్న ఏస్తరట, జర ఆగుమంటున్నది."

ఆపా తలమీది దుపట్టాతో ముఖం తుడుచుకుంది. చెమటో ఏమో. మరి కాసేపటికి అటునుంచి వాళ్ళు చేర్చిన ముక్క వచ్చింది. సారు గట్టిగా తెలుగులో చెప్పాడు. మన మంద హాలియా పోతూ కాలువ వంతెన దగ్గరికి వచ్చింది, ముందున్న పొట్టేలు నీళ్ళకు బెదిరి ఆగిపోయింది, అప్పుడు టోబీ వాళ్ళ కుక్క, యజమాని దూరం నుంచి ఈల వేయగానే మంద వెనకకు పోయి, ఒక్క గొర్రె కూడా తప్పకుండా వంతెన దాటించింది.

"ఏందీ?" అన్నాడు నాయిన గొంగడి కిందనుంచి. "కుక్క గొర్లను తోలుతదా? ఈల ఇని?"

"అవును మామా, వాళ్ళ కుక్కలు గట్లనే చేస్తయట," అన్నారు పిల్లలు.

"మన కుక్క బువ్వకు పిలిస్తే సుత దాని ఇష్టముంటేనే వస్తది!" అన్నాడు దశరథం.

"అడుగు సారూ, వాళ్ళకాడ తోడేళ్ళు లేవా అడుగు," అన్నాడు నాయిన.

బాలమణి కొట్టింది. లేవని వెంటనే జవాబు వచ్చింది.

"తోడేళ్ళు లేవా!" నాయిన ఆ మాటను చాలాసేపు మింగలేకపోయాడు. "అందుకే గద, కుక్క ఖాళీగున్నది. ఈలలు నేర్సుకున్నది."

ఈలోగా అటువైపు టోబీ నానమ్మ వచ్చి కూర్చుందట. దిష్టి తీయాలంటే మిరపకాయలు ఏ పక్క నుంచి తిప్పాలి, ఎర్రవి దొరక్కపోతే పచ్చివి పనికొస్తాయా అని అడిగింది. ఆ సంగతి పిల్లలకు ఎవరికీ సరిగ్గా తెలియదు. అందరూ నా వైపు చూశారు. నేను పూలగంప పట్టుకుని గుమ్మం పక్కన నక్కి ఉన్నాను. "ఎండువే కావాలె. పచ్చివైతే కాలవు," అన్నాను. అది కూడా బాలమణి కొట్టేసింది. నా మాట సముద్రం దాటిపోయింది.

అప్పుడు వాళ్ళు ఇంకో ప్రశ్న వేశారు. ముందు మీరు అంతసేపు ఎందుకు మాట్లాడలేదు?

ఎండ అడ్డం వచ్చింది, మా నాయిన గొంగడి అడ్డం పట్టుకున్నాడు అని బాలమణి చెప్పింది. ఏ గొర్రె ఉన్నితో నేశారు, నల్లగా ఎందుకుంది, వాన ఆపుతుందా అని అటునుంచి వరసగా ప్రశ్నలు కురిశాయి. నాయినకు హుషారు వచ్చింది. ఒక్కొక్కదానికి నిలబడే జవాబు చెప్పాడు. చెప్తూ చెప్తూ ఆయన చేతులు కిందికి జారుతున్నాయి. గొంగడి జారినప్పుడల్లా అద్దం తెల్లబడుతోంది, పిల్లలు "మామా! మామా!" అని అరుస్తున్నారు.

"ఎంతసేపు పట్టుకోవాలె? రెక్కలు గుంజుతున్నయి," అన్నాడు చివరికి. "జాహేదమ్మా, ఆ షట్టర్ దించరాదు?"

"మొత్తమా బీరన్నా?" అంది ఆపా, ముఖంలో నవ్వు కనబడనీయకుండా.

"మొత్తమెందుకు? మనుషులు మసలాలె గద. సగం దించు. సగం సాలు."

దుకాణమంతా గొల్లుమంది. నబీ భాయ్ నవ్వుతూ నవ్వుతూ దారం తెంపేసుకున్నాడు. నాయినకు తను ఏమన్నాడో తర్వాత అర్థమైంది. గొంగడి భుజాన వేసుకుని, "నవ్వుండ్రి, నవ్వుండ్రి," అని తనూ నవ్వి, షట్టర్‌ను తన చేతులతోనే సగానికి లాగాడు. అందరూ లోపలే ఉండిపోయారు. ఆ రోజు బాలమణి కొట్టిన పేజీలో రెండు దేశాల గొర్రెలూ ఒకే మందలో కలిశాయి. పొద్దు ఎక్కినా ఎవరూ కదల్లేదు.

ఆ పేజీ ఇప్పుడు మా బడి గోడకు ఉంది. మొదటి వాక్యం ఎవరిదో, చివరి వాక్యం ఎవరిదో రాసిన పిల్లలు కూడా చెప్పలేరు. అందులో ఒక అవ్వ ఉంది, ఈల వినే కుక్క ఉంది, చివరకు నల్ల గొంగడి కూడా వచ్చి చేరింది. అక్కడి బడి గోడకూ అదే ఉందట. ఈ ఏడు కొత్త పిల్లలు పన్నెండుమంది వస్తున్నారు. ఈసారి వాళ్ళు వానల గురించి రాస్తున్నారు. నబీ భాయ్ కుట్టుమిషన్ నిజంగానే గడప బయట అరుగు మీదికి వచ్చింది. బాగా గాలి వస్తుందని ఆయనే ఒప్పుకున్నాడు.

పుకారు మాత్రం ఆగలేదు. కాటమయ్య ఆ రోజు పాలగిన్నె దించి, పొయ్యి తుడిచి తలెత్తి చూసేసరికి, షట్టర్ మళ్ళీ సగం దిగి ఉంది. పట్టుకోవడానికి పోయిన మనుషులంతా లోపలే ఉన్నారు.

"బీరప్పను సుత కలుపుకున్నరు," అని ఇప్పటికీ చెప్తుంటాడు, చాయ్ వడపోస్తూ. "వాటా ఇచ్చిన్రు. లేకుంటే ఆయన చేతులతోని ఆయన ఎందుకు దించుతడు?"

పొద్దున్నే ఆ బండి దగ్గర నిలబడితే ఎండ వీపుకు వెచ్చగా తగులుతుంది, కళ్ళలో పడదు. అందుకే ఇన్నేళ్ళుగా ఎదురుగా చూస్తున్నా ఆయనకు ఒక సంగతి తట్టలేదు. జాహేదా ఆపా దుకాణం తూర్పు ముఖంగా ఉంది.